కడప బండల మధ్య మూడు సొరుగులు: ఛానళ్ల ఎంపిక, బిగింపుపై ఒక కేస్ స్టడీ

విజయవాడలో ఒక సొంతింటి వంటిల్లు. పైన గ్రానైట్ గట్టు, కింద నిలువుగా నిలబెట్టిన కడప బండలు, బండకూ బండకూ మధ్య అర, అరకు చెక్క తలుపు. మన ఊళ్లలో మాడ్యులర్ కిచెన్లు రాకముందు కట్టిన వంటిళ్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. స్టవ్వు పక్క అరకు తలుపు తీసేసి మూడు సొరుగులు పెట్టించారు. రెండేళ్లలోపే మూడూ మూడు రకాలుగా మొరాయించాయి.

పై సొరుగులో స్పూన్లు, గరిటెలు ఉంటాయి. లాగితే పక్కలకు ఊగుతుంది, మూస్తే తనంతట తనే వేలెడు బయటికి వస్తుంది. కంచాలు పెట్టే మధ్య సొరుగు మూడొంతుల దాకా హాయిగా వెళ్లి, చివరి నాలుగంగుళాల్లో బిగుసుకుంటుంది. దాన్ని మోకాలితో నెట్టాల్సి వస్తోంది. కింది సొరుగులో పప్పుల డబ్బాలు ఆరు, వాటి పక్కన 25 కిలోల బియ్యం. దాని ఎడమ ఛానల్ (సొరుగు జారే ఇనుప పట్టీ) ప్లగ్గులతో సహా బండలోంచి ఊడి వచ్చింది, కుడి ఛానల్ లోపలి గోళీలు నేల మీద దొరికాయి.

ఇంటివాళ్లు అడిగింది ఒక్కటే: ఛానళ్లు నాసిరకంలా ఉన్నాయి, మంచి కంపెనీవి వేయండి. విప్పి చూస్తే అవి నాసిరకం కాదు. 45 మి.మీ. ఎత్తున్న బాల్ బేరింగ్ టెలిస్కోపిక్ ఛానళ్లు, 20 అంగుళాలవి, రేకు మందం కూడా సరిపడా ఉంది. వాటి స్థానంలో ఎంత ఖరీదైనవి వేసినా ఇదే గతి పట్టేది.

ఇక్కడి నుంచి కొలతలన్నీ మిల్లీమీటర్లలోనే. అంగుళాలు, నూళ్లు మేస్త్రి నోటికి సులువే. కానీ ఒక నూలు అంటే 3 మి.మీ. పైమాటే, ఛానల్ అంత తేడాను ఓర్చుకోదు. ఇంకో చిక్కు కూడా ఉంది. షాపులో 20 అంగుళాల ఛానల్ అని ఇచ్చేది చాలావరకు 500 పొడవే, 508 కాదు. 18 అంగుళాలది 450, 22 అంగుళాలది 550. సొరుగు బాక్సు లోతును అంగుళాల లెక్కన కోస్తే అక్కడే 8 తేడా వస్తుంది.

సందు లెక్క

టెలిస్కోపిక్ ఛానల్లో మూడు పట్టీలు ఉంటాయి. బయటిది క్యాబినెట్ గోడకు, లోపలిది సొరుగు పక్కకు బిగుస్తాయి, నడిమిది రెంటి మధ్యా జారుతుంది. పట్టీల మధ్య గోళీలు వరసగా ఒక రేకు చట్రంలో కూర్చుని ఉంటాయి. మూడూ కలిపి మందం 12.7, అంటే సరిగ్గా అరంగుళం, నాలుగు నూళ్లు. రెండు పక్కలకు 25.4. కాబట్టి సొరుగు బాక్సు బయటి వెడల్పు, క్యాబినెట్ లోపలి వెడల్పు కంటే 25.4 తక్కువ ఉండాలి. ఆచరణలో 25.5 నుంచి 26.5 దాకా పనికొస్తుంది. 25 కంటే తగ్గితే పట్టీలు గోళీలను నొక్కుతాయి, సొరుగు బరువెక్కుతుంది. 27 దాటితే పట్టీలు పక్కకు వాలి గోళీలు గాడి అంచుల మీద పరిగెడతాయి. ముందు ఊగుతుంది, తర్వాత చట్రం వంగుతుంది, చివరికి గోళీలు రాలతాయి.

ముఖ్యమైన సంగతేమిటంటే, ఈ ఛానల్లో వెడల్పు సర్దుకునే ఏర్పాటు ఏదీ లేదు. ఎత్తుకు, లోతుకు పొడుగు రంధ్రాలు ఇచ్చారు గానీ వెడల్పు మాత్రం వడ్రంగి చేతిలోనే ఉంది. ఆ సందు ముందూ వెనకా, పైనా కిందా ఒకేలా ఉండాలి.

పాత పనిలో బండలకు రెండువైపులా 25 మందం చెక్క రీపర్లు బిగించి, వాటి మీద ఛానళ్లు వేశారు. బండల మధ్య సందును ఆరు చోట్ల కొలిస్తే వచ్చినవి ఇవి: పై సొరుగు వరసలో ముందు 610, వెనక 604, మధ్య వరసలో 607, 600, కింది వరసలో 605, 598. కడప బండలు చేత్తో పాతినవి. పైకి వెడల్పు, కిందికి ఇరుకు, వెనక్కి ఇంకా ఇరుకు. ఇందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. తలుపులు పెట్టుకోవడానికి పాతిన బండలవి, సొరుగుల కోసం కాదు.

రీపర్ల మందం 50 తీసేస్తే పై వరసలో 560, 554. మధ్యలో 557, 550. కింద 555, 548. మూడు బాక్సులూ ఒకే వెడల్పున, 527కు కోసి ఉన్నాయి. సందులు లెక్కేస్తే పై సొరుగుకు ముందు 33, వెనక 27. అందుకే ఊగుతోంది, మూసిన చోట ఆపే రబ్బరు ముక్క పట్టడం లేదు. మధ్యదానికి ముందు 30, వెనక 23. లాగినప్పుడు వదులు, మూసేటప్పుడు బిగువు. కిందిదానికి ముందు 28, వెనక 21. అంటే వెనక నాలుగు మి.మీ. పైగా తక్కువ. మూసిన ప్రతిసారీ బాక్సు మేకులా పనిచేసి రెండు రీపర్లనూ పక్కలకు తోసింది. ప్లగ్గులు పట్టు వదిలేదాకా తోసింది.

కడప బండ సున్నపురాయి జాతి, పొరలు పొరలుగా ఉంటుంది. పాతిక మి.మీ. మందం బండలో హ్యామర్ డ్రిల్లుతో రంధ్రం వేస్తే వెనకవైపు పెచ్చు లేస్తుంది. ప్లగ్గు పైకి బిగిసినట్టే ఉంటుంది గానీ పట్టు నాలుగు నెలలే. బండకు తలుపు హింజ్ బిగించడమే కష్టం, ఇక ఛానల్ సంగతి చెప్పేదేముంది.

బరువు సంగతి విడిగా చూడాలి. ఛానల్ మీద 45 కిలోలు అని ఉంటే అది జతకు, ఒక్కోదానికి కాదు. అందులో సొరుగు సొంత బరువూ కలుస్తుంది. సరుకు అంతటా సమానంగా పరిచి, సందు సరిగ్గా ఉన్నప్పటి లెక్క అది. ఇక్కడ బియ్యం 25, పప్పులు 12, స్టీలు డబ్బాలు 3, ప్లై బాక్సూ ముందు పలకా కలిపి 9. మొత్తం 49. పైగా బియ్యం బస్తా సొరుగు ముందు భాగంలో ఉంటుంది, పూర్తిగా లాగినప్పుడు బరువంతా బయటే వేలాడుతుంది.

ఏ ఛానల్?

తెల్ల రంగు పూసిన రోలర్ ఛానల్ చవక. బాక్సు అడుగు అంచును పట్టుకుంటుంది, చిన్న ప్లాస్టిక్ చక్రాల మీద నడుస్తుంది. సందు తేడాలను కాస్త ఓర్చుకుంటుంది కూడా. కానీ మూడొంతులే బయటికి వస్తుంది, సాధారణంగా 25 కిలోలకు మించి మోయదు. కంప్యూటర్ టేబుల్ సొరుగుకు చాలు, వంటింటికి వద్దు.

అండర్‌మౌంట్ ఛానల్ బాక్సు కింద దాక్కుంటుంది. పప్పు ఒలికినా పిండి రాలినా ఛానల్లో పడదు, బిగించాక కూడా ముందు పలకను పైకీ కిందకీ, చాలా రకాల్లో పక్కలకూ సర్దుకోవచ్చు. ఈ అరలో ఇది వద్దనుకోవడానికి కారణం ధర ఒక్కటే కాదు. దీనికి బాక్సు పక్క పలక సాధారణంగా 16 మందం దాటకూడదు. బాక్సు లోపలి వెడల్పు క్యాబినెట్ లోపలి వెడల్పు కంటే 42 తక్కువ రావాలి. అడుగు పలక కింది అంచు నుంచి 13 పైకి ఉండాలి. వెనక పలకకు గాట్లు, కొక్కేలు దిగే 6 వ్యాసం రంధ్రాలు చెప్పిన చోటే పడాలి. కంపెనీ మారితే ఈ అంకెలు కొంచెం మారతాయి కాబట్టి డబ్బాలోని కాగితం చూడకుండా ఒక్క పలకా కోయకూడదు. ఫ్యాక్టరీలో ప్యానెల్ సా మీద కోసిన బాక్సుకు ఇది చక్కగా కుదురుతుంది. ఇంటి ముందు అరుగు మీద చేత్తో కోసే బాక్సుకు టెలిస్కోపిక్కే మేలు.

ఇనుప పక్కలతో సహా వచ్చే టాండమ్ బాక్సు మరో దారి. అడుగూ వెనకా పలకలు మాత్రం మనం కోసుకోవాలి. పని తొందరగా అవుతుంది, ఖర్చు ఎక్కువ. ఒక్క అర కోసం ఇంటివాళ్లు ఒప్పుకోలేదు, ఒప్పించాల్సినంత అవసరమూ లేదు.

చివరికి మూడింటికీ 500 పొడవు, 45 ఎత్తు, 45 కిలోల టెలిస్కోపిక్ ఛానళ్లే ఖరారయ్యాయి. పై రెండూ సాఫ్ట్ క్లోజ్ (చివర్లో తనంతట తనే నెమ్మదిగా మూసుకునే రకం), కిందిది మామూలుది. బరువు సొరుగుకు సాఫ్ట్ క్లోజ్ పెడితే వేగాన్ని తగ్గించే ఆ చిన్న ప్లాస్టిక్ డంపర్ మీద ప్రతిసారీ పాతిక కిలోలు వచ్చి ఆగుతాయి. దాని ఆయుష్షు ఛానల్ ఆయుష్షు కంటే తక్కువ. హెట్టిక్, హేఫెలె, ఎబ్కో, గోద్రెజ్, ఏ కంపెనీది తీసుకున్నా చూడాల్సింది రేకు మందం. బయటి, నడిమి, లోపలి పట్టీలు 1.2, 1.2, 1.5 గానీ దానికి దగ్గరగా గానీ ఉండాలి. చేతిలో పట్టుకుని పూర్తిగా లాగి అటూ ఇటూ మెలిపెడితే పలుచని రేకు తెలిసిపోతుంది. బరువు తూచి చూపించే షాపులూ ఉన్నాయి, ఒకే పొడవున్న రెండు జతల్లో బరువైనదే తీసుకోవాలి.

బియ్యం మాత్రం సొరుగులో పెట్టకూడదని ముందే చెప్పి ఒప్పించడం జరిగింది. అది నేల మీద డబ్బాలో ఉండాల్సిన సరుకు. కింది సొరుగుకు 2 కిలోల డబ్బాలు ఎనిమిది అనుకుంటే సరుకు 16, డబ్బాలు 3, బాక్సు 9, మొత్తం 28 కిలోలు. రాసిన బరువులో మూడింట రెండొంతులు దాటనివ్వకపోవడం మంచి పద్ధతి. ఆవకాయ జాడీ అడిగారు, దానికీ చోటు లేదన్నాం. బరువు ఒక కారణం, అంతకంటే ముఖ్యం ఉప్పూ నూనే. జాడీ అంచు నుంచి కారిన ఊట ఛానల్లోకి దిగితే జింకు పూతను తినేస్తుంది.

బండలను వదిలేసి పెట్టె

ఛానళ్లను బండలకు బిగించే ఆలోచనే మానేసి, ప్లైతో విడిగా పెట్టె చేసి అరలోకి తోయడం ఇక్కడి పరిష్కారం. వెడల్పులో రెండు పక్కలా కొంత పోతుంది. పోయినా ఫరవాలేదు.

పెట్టె బయటి వెడల్పును బండల మధ్య అతి ఇరుకు చోటైన 598 నుంచి లెక్కేయాలి. అంతటితో సరిపోదు. కుడి బండ నిలువుగా లేదు, ఎడమవైపుకు 3 వాలి ఉంది. వాలిన బండల మధ్య నిటారు పెట్టె పట్టాలంటే ఆ వాలు కూడా తీసేయాలి. ఇంకో 3 చేతి ఆడటానికి. 592 వచ్చింది. లోతు: గోడ దాకా 560 ఉంది గానీ వెనక నీళ్ల పైపు 30 ముందుకు వచ్చి ఉంది, కాబట్టి పెట్టె 525. ఎత్తు: కింద 100 ఎత్తు రాతి పీఠం, దాని మీద గట్టు అడుగు దాకా తక్కువలో తక్కువ 690, పెట్టె 684.

సరుకు ఐ.ఎస్. 710 గుర్తున్న (తడిని తట్టుకునే మెరైన్ రకం) 18 మందం ప్లై, వెనక 6 ప్లై. సొరుగు బాక్సులకు 12 ప్లై. పై రెండు సొరుగుల అడుగుకు 9, కిందిదానికి 12. అడుగు పలకను కింద నుంచి మేకులు కొట్టి వేలాడదీయకుండా, పక్క పలకల్లో కింది అంచుకు 12 పైన 5 లోతు గాడి తీసి అందులో కూర్చోబెట్టాలి. వంటింట్లో సగం సొరుగులు ఛానల్ వల్ల కాదు, అడుగు జారి కింది సొరుగుకు తగలడం వల్ల ఆగిపోతాయి.

పెట్టెను నేల మీదే బిగించి కర్ణాలు కొలవాలి. రెంటికీ తేడా 1 లోపు ఉండాలి. వెనక ప్లై మూలమట్టానికి కోసినదైతే పెట్టె దానంతట అదే మట్టానికి వస్తుంది. ఆ వెనక పలక 2 తక్కువ కోస్తే పక్క పలకలు లోపలికి లాక్కుని, మళ్లీ పాత కథే.

అరలోకి తోశాక రసమట్టంతో రెండు దిక్కులా చూసి, పీఠం మీద పి.వి.సి. ముక్కలు పెట్టి సరిచేయాలి. బండకూ పెట్టెకూ మధ్య నాలుగు మూలలా చెక్క పేడులు వదులుగా నింపి సిలికాన్‌తో పట్టించాలి. గట్టిగా కొడితే పెట్టె పక్కలు లోపలికి ఉబ్బుతాయి. వెనక అడ్డపట్టీ నుంచి గోడకు రెండు స్క్రూలు, పైపు ఎక్కడుందో చూసుకుని. గట్టు కింద ఇరుక్కుని ఉంది కాబట్టి మూడు సొరుగులూ ఒకేసారి లాగినా ముందుకు తూలే ప్రమాదం లేదు.

ఒక జాగ్రత్త. ఛానళ్ల బయటి పట్టీలను పెట్టె అరలోకి వెళ్లకముందే, నేల మీద పక్కకు పడుకోబెట్టి బిగించాలి. లోపలికి వెళ్లాక వంగి, టార్చి పట్టుకుని బిగిస్తే గీత తప్పుతుంది.

గీతలు, ఆసరా ముక్క

ముందు పలకల ఎత్తులు పై నుంచి 150, 220, 308, మధ్యలో రెండు 3 సందులు. మొత్తం 684. బాక్సుల ఎత్తు 100, 150, 200. ఛానల్ నడిమి గీత పెట్టె కింది అంచు నుంచి 590, 375, 95 దగ్గర పడింది. బాక్సుల మీద అదే గీత కింది అంచు నుంచి 40, 50, 60. ఛానల్ బాక్సు సగానికి కింద ఉంటే అడుగు పలక బరువు దగ్గరగా పడుతుంది. మరీ కిందికి తెస్తే స్క్రూ అడుగు పలక గాడిలోకి దిగుతుంది.

గీతలు గీసి రెండు పక్కలా సరిపోల్చడం కంటే నమ్మకమైన పద్ధతి ఒకటుంది. ఛానల్ ఎత్తు 45, సగం 22.5. పై ఛానల్ కింది అంచు పెట్టె అడుగు పలక పైముఖం నుంచి 549.5 ఎత్తులో ఉండాలి (590 లోంచి 22.5, అడుగు పలక మందం 18 తీసేస్తే). ఆ పొడవుకు ఒక ప్లై ముక్క మూలమట్టంగా కోసి, అడుగు పలకకు ఆనించి పట్టుకోవాలి. దాని అవతలి అంచుకు ఛానల్ ఆనించి బిగించాలి. అదే ముక్కను రెండో పక్కకూ వాడాలి. పై జత అయ్యాక ఆ ముక్కనే 334.5కు కోసి మధ్య జత, ఆపైన 54.5కు కోసి కింది జత. కొలతలో అర మి.మీ. తప్పు దొర్లినా రెండు పక్కలా ఒకే తప్పు, సొరుగు మట్టంగానే ఉంటుంది. మొదట చిన్న ముక్క కోస్తే ఈ వాటం పోతుంది. పెద్దదాంతోనే మొదలుపెట్టాలి.

లోతు దిక్కున బయటి పట్టీని పెట్టె ముందు అంచుకు 3 వెనక్కి, లోపలి పట్టీని బాక్సు ముందు అంచుకు 4 వెనక్కి. అప్పుడు మూసినప్పుడు బాక్సు ముఖం పెట్టె అంచు కంటే 1 బయటికి ఉంటుంది, ముందు పలక పెట్టెకు కొట్టుకోకుండా సాఫ్ట్ క్లోజ్ చివరిదాకా లాగుతుంది. ఆ లెక్కన బాక్సు లోతు 505. ముందు పలక పెట్టె లోపలికి దిగే రకమైతే బయటి పట్టీని ఆ పలక మందమంత అదనంగా వెనక్కి జరపాలి. చాలామంది మరిచేది ఇదే.

స్క్రూలు: పెట్టె పక్కకు 6 నంబరు 16 పొడవు, బాక్సు పక్కకు 12 పొడవు. 12 ప్లైలో 16 స్క్రూ కొడితే మొన లోపలికి పొడుచుకొచ్చి చేతులు గీరుతుంది. ఒక్కో పట్టీకి నాలుగు చొప్పున మూడు జతలకు 48. తల చదునుగా ఛానల్ గుంటలో కూర్చోవాలి. జిప్సం బోర్డులకు వాడే నల్ల స్క్రూలు తెచ్చి కొట్టేస్తుంటారు. వాటి తల లేచి ఉంటుంది, లోపలి పట్టీ ప్రతిసారీ దానికి గీరుకుంటుంది, పైగా అవి పెళుసు, తుప్పు కూడా తొందరగా పడతాయి. ముందుగా 2.5 బిట్టుతో రంధ్రం వేసుకోవాలి. బిట్టుకు టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకుంటే పలక అవతలికి దిగదు. మొదట పొడుగు రంధ్రాల్లో రెండేసి మాత్రమే బిగించి, సొరుగు నడిపి చూసి, సర్దుకున్నాకే గుండ్రటి రంధ్రాల్లో మిగిలినవి కొట్టాలి.

బాక్సును ఛానళ్లలోకి ఎక్కించేటప్పుడు గోళీల చట్రాన్ని రెండు పక్కలా వేలితో పూర్తిగా ముందుకు లాగి ఉంచాలి. అది లోపలే ఉండిపోతే లోపలి పట్టీ మొన చట్రాన్ని నలిపేస్తుంది. కొత్త ఛానల్ కొన్న రోజే పాడయ్యేది ఇక్కడే. రెండు పట్టీలూ ఒకేసారి, సమానంగా లోపలికి వెళ్లాలి. మొదటిసారి చివర కాస్త మొండికేస్తుంది, నెమ్మదిగా పూర్తిగా మూసి తెరిస్తే చట్రాలు తమ చోటికి వస్తాయి. తీసేటప్పుడు నల్ల ప్లాస్టిక్ మీటల్లో ఒక పక్కది పైకి, రెండో పక్కది కిందికి నొక్కాలి. రెండూ ఒకేవైపు నొక్కుతూ లాగి విరిచేస్తుంటారు.

ఈ పనిలో జరిగిన తప్పు

పెట్టె బయట 592, రెండు 18 పలకలు తీస్తే లోపల 556. ఆ అంకె పట్టుకుని మధ్య బాక్సును 530కి ముందే కోసేశారు, సందు 26 అనుకుని. కానీ పెట్టె లోపలి ముఖాలకు లైనర్ మైకా (లోపలి వైపు వేసే పలుచని షీటు) అతికించాల్సి ఉంది. 0.8 చొప్పున రెండు పక్కలకు 1.6. అతికించాక లోపల 554.4 మిగిలింది. మధ్య సొరుగుకు సందు 24.4, అంటే కావాల్సిన దానికి సరిగ్గా 1 తక్కువ. సొరుగు నడుస్తోంది గానీ రేకు మీద రేకు గీసినట్టు బరువుగా, చివరి 15 మి.మీ. సాఫ్ట్ క్లోజ్ లాగడం లేదు. డంపర్ పోయిందేమో అనిపిస్తుంది. పోలేదు, బిగువును దాటేంత బలం దాని స్ప్రింగుకు ఉండదు.

మిగతా రెండు బాక్సులను మైకా అతికించిన తర్వాత పెట్టెను మళ్లీ కొలిచి కోశారు. బాక్సు పక్కలకు కూడా రెండు ముఖాలా మైకా ఉంటుంది కాబట్టి 12 ప్లై 13.6 అవుతుంది. అదంతా కలుపుకుని బయటి కొలత 528.5 వచ్చేలా చూశారు. సందు 25.9. అవి వెన్నలా నడిచాయి.

మధ్యదానికి కొత్త బాక్సు చేయడం దండగ అనిపించి, దాని కుడి పక్కన ఛానల్ కూర్చునే చోట 50 వెడల్పున ట్రిమ్మర్‌తో (గాడులు తీసే చేతి మిషన్) 1 లోతు చెక్కి, ఛానల్‌ను ఆ గాడిలో దించారు. సందు 25.4 అయింది. సరిపోయింది, కానీ తృటిలో. బాక్సు 1 తక్కువైతే ఛానల్ వెనక ఒక మైకా ముక్క పెట్టి నిమిషంలో సరిచేయొచ్చు. 1 ఎక్కువైతే ఇంత పని. అనుమానమున్న చోట తక్కువకే కోయాలి, పెట్టె బిగించి మైకా అతికించాకే బాక్సు కొలత రాయాలి.

ముందు పలకలు 628 వెడల్పు. పై వరసలో 610 సందును రెండు పక్కలా 9 చొప్పున కప్పి బండ అంచు మీదికి వస్తాయి, పేడులూ సిలికానూ కనిపించవు. బండ మందంలో సగం పక్క అర తలుపుకు వదలాలి, అది మరిస్తే తలుపూ సొరుగూ కొట్టుకుంటాయి. పలకను బాక్సు లోపలి నుంచి 25 స్క్రూలతో బిగించారు, 12 దాటి 18 పలకలోకి 13 దిగుతాయి. బాక్సు ముఖంలో రంధ్రాలు 5కు వేసి వాషర్లు పెడితే పలకను అటూ ఇటూ కాస్త జరుపుకునే వీలుంటుంది. సందులకు 1 మందం మైకా ముక్కలు మూడేసి. హ్యాండిల్ రంధ్రాలు అన్నీ అమరాక ఆఖరున.

పరీక్ష నీళ్లతో. రెండు లీటర్ల సీసాలు పది, అంటే 20 కిలోలు, తూకం వేయనక్కర్లేదు. కింది సొరుగులో పరిచి పూర్తిగా లాగి, ముందు పలక కింది అంచు నుంచి నేల దాకా కొలిస్తే ఖాళీగా ఉన్నప్పటి కంటే 2 దిగింది. కింద సొరుగు లేదు కాబట్టి ఫరవాలేదు. మధ్య సొరుగు ఇలా 3 దిగితే, కింది సొరుగు కూడా లాగి ఉన్నప్పుడు దాని పలకకు తగిలేది.

ఇంటివాళ్లకు చెప్పినవి కొద్దే. ఛానల్లో కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె వేయొద్దు. పిండి, మసాలా పొడులు వాటికి అంటుకుని జిగురవుతాయి. పొడి బ్రష్‌తో దులిపి, ఏడాదికోసారి సిలికాన్ స్ప్రే కొంచెం చాలు. కంపెనీ పెట్టిన గ్రీజును తుడిచేయకూడదు. సింకు కింది అరలో ఎప్పుడైనా ఇలాంటి సొరుగు పెట్టిస్తే అక్కడికి మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలు ఛానళ్లు తీసుకోవాలి, మచిలీపట్నం, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలోనైతే అన్నిటికీ. నెల తర్వాత ముందు స్క్రూలు రెండేసి ఒకసారి బిగించుకోవాలి, ప్లై మొదటి వారాల్లో కాస్త సర్దుకుంటుంది.

పెట్టె కుడి పలక లోపల, పై సొరుగు వెనక కనిపించని చోట, మార్కర్‌తో రాసి పెట్టినవి: ఛానల్ 500, లోపల 554.4, బాక్సు 528.5, మధ్యది 530, కుడి పక్క గాడి 1.